ప్రాథమిక పాఠశాలలో ఏడాది: బడి గంట నుంచి ఒంటిపూట బడుల వరకు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

వేసవి సెలవులు ముగిసి జూన్ రెండవ వారంలో బడి గంట మోగడంతో రాష్ట్రంలో నూతన విద్యాసంవత్సరం ఆరంభమవుతుంది. సాధారణంగా జూన్ 12న తెరచుకొనే ప్రాథమిక పాఠశాల ఏప్రిల్ 23 వరకు నడుస్తుంది. దసరా, సంక్రాంతి సెలవులు, ఆదివారాలు, ఇతర పండుగలు, తుపాను వేళ ప్రకటించే స్థానిక సెలవులు పోగా మిగిలినవే చదువుకొనే రోజులు. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం 1 నుంచి 5వ తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. అంటే రోజుకు సగటున 4 గంటల బోధన. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ చట్టం 6 నుంచి 14 సంవత్సరాల వయస్సు గల ప్రతి బిడ్డకూ ఎలిమెంటరీ విద్యను హక్కుగా చేసింది. పిల్లలకు చదువుకొనే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అని 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ పేర్కొన్నది.

తాము చదువుకున్న తల్లిదండ్రులకు బడి ఏడాది ఎలా సాగుతుందో ఎవరూ చెప్పనవసరం లేదు. ఇంటి నుంచి తొలిసారిగా ఒక బిడ్డ బడికి వెళుతున్న కుటుంబాల పరిస్థితి వేరు. ఏ నెలలో ఏమి జరుగుతుంది, ఏమి అడగవచ్చు, ఏ విషయాన్ని తాము కనిపెట్టి ఉండాలి అన్నది వారికి తెలియజెప్పేవారు తక్కువ. అట్టి కుటుంబాలను ముఖ్యంగా దృష్టిలో ఉంచుకొని ఈ వివరాలు అందించడమైనది.

ప్రవేశం నాడు

రాష్ట్రంలో 5 సంవత్సరాలు నిండిన బాలబాలికలను 1వ తరగతిలో చేర్చుకోవడం ఆనవాయితీగా వస్తున్నది. జాతీయ విద్యా విధానం 2020 మాత్రం 1వ తరగతి ప్రవేశానికి 6 సంవత్సరాల వయస్సును సూచించింది. రాష్ట్ర విద్యాహక్కు నియమాల ప్రకారం నివాసానికి 1 కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల అందుబాటులో ఉండాలి. ప్రవేశానికి రుసుము లేదు. బిడ్డకు గాని, తల్లిదండ్రులకు గాని ప్రవేశ పరీక్ష పెట్టడాన్ని చట్టం నిషేధించింది. ఈ నిషేధం ప్రైవేటు పాఠశాలలకూ వర్తిస్తుంది.

వయస్సు ధ్రువీకరణకు జనన ధ్రువపత్రం ఉత్తమం. అది లేనిచో ఆసుపత్రి లేదా ఏఎన్‌ఎం రికార్డు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేనప్పుడు తల్లిదండ్రుల వాంగ్మూలం చెల్లుతాయి. వయస్సు పత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ చదువు గాని, ప్రయోజనాలు గాని దూరం కారాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో స్పష్టం చేసింది. అయినను ఆధార్ ఉన్న పిల్లలకు 5 ఏళ్లు నిండిన తరువాత వేలిముద్రలు, కనుపాప వివరాలు నమోదు చేయించుకోవడం మంచిది. పథకాల సొమ్ము జమ అయ్యే వేళ అవి సరిగా లేక తిరగవలసి వచ్చే కుటుంబాలు తక్కువేమీ కావు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త అవసరం. అడ్మిషన్ రిజిస్టరులో ఆనాడు వ్రాసిన పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ముందుకు సాగి 10వ తరగతి ధ్రువపత్రం వరకు అలాగే వెళతాయి. ఇంట్లో పిలిచే ముద్దుపేరునో, తోచిన తేదీనో చెప్పి వచ్చిన వారు పదేళ్ల తరువాత దానిని మార్చుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తున్నది. ప్రధానోపాధ్యాయులు వ్రాసిన పంక్తిని ఒకసారి చదివించుకొని వినడానికి పట్టే సమయం రెండు నిమిషాలు.

వేరే ఊరి నుంచి వచ్చిన బిడ్డకు టీసీగా వ్యవహరించే బదిలీ ధ్రువపత్రం ఆలస్యమైనా చేర్చుకోవలసినదే. ఏడాది మధ్యలో వచ్చిన వారినీ కాదనరాదు. బడి ముఖం చూడని 8, 9 ఏళ్ల పిల్లలను వారి వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. చిన్న పిల్లల మధ్య కూర్చోబెడితే వారు సిగ్గుపడి మానివేయడం అనుభవంలో ఉన్న విషయమే.

తొలి వారాలు

1వ తరగతి పిల్లలు మొదటి కొన్ని రోజులు ఏడవడం సహజం. అంగన్‌వాడీకి వెళ్లి వచ్చిన వారు త్వరగా అలవాటు పడతారు. నేరుగా ఇంటి నుంచి వచ్చినవారికి మరికొంత కాలం పడుతుంది. వారం రోజులు చూసి బిడ్డకు చదువు అబ్బదని నిర్ణయించడం తొందరపాటు. 2021 జూలైలో కేంద్రం ప్రవేశపెట్టిన విద్యా ప్రవేశ్ ప్రకారం 1వ తరగతిలో తొలి 3 నెలలు ఆటపాటల ద్వారా పిల్లలను బడికి సంసిద్ధులను చేయాలి. కనుక ఆ రోజులలో బిడ్డ పలక మీద అక్షరాలకు బదులు బొమ్మలు కనిపించినా, పుస్తకం తెరవకుండా పాట నేర్చుకొని వచ్చినా కలవరపడవలసిన పని లేదు. నేటి వాచకాలలో అ, ఆలు వరుసగా దిద్దించడానికి బదులు బొమ్మ, పదం చూపి వాటి నుంచి అక్షరాన్ని పరిచయం చేస్తారు. వర్ణమాల మొత్తం ఒప్పజెప్పలేదని తాతలు, అమ్మమ్మలు నొచ్చుకోవడం కద్దు. ఆ వరుస తరువాత వస్తుంది.

తెలుగు ఇంటి భాష కాని పిల్లలకు ఈ తొలి వారాలు మరింత కష్టం. సవర, కోయ, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా, గోండి, కొలామీ భాషలు మాట్లాడే పిల్లల కోసం 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్యను ఆరంభించినది ఈ కారణంగానే. గిరిజన ప్రాంతాల తల్లిదండ్రులు తమ బిడ్డ బడిలో మౌనంగా ఉంటున్నట్లు గమనిస్తే ఉపాధ్యాయునికి ఆ విషయం తెలియపరచాలి. అట్టి మౌనానికి కారణం చాలా సార్లు భాషయే.

పాఠ్యపుస్తకాలు ఉచితం. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఆంగ్లం ఉండే ద్విభాషా పుస్తకాలు 2020-21 నుంచి అందుతున్నాయి. 2025-26లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరిట అందిన కిట్టులో పుస్తకాలతో పాటు నోటు పుస్తకాలు, సంచి, యూనిఫాం వస్త్రం, బూట్లు, మేజోళ్లు, బెల్టు, 1వ తరగతి వారికి బొమ్మల నిఘంటువు ఉన్నాయి. బూట్ల కొలత తప్పినట్లయితే బడిలోనే తెలియజేసి మార్పించుకోవాలి. బిగుతు బూట్ల వల్ల పాదం ఒరుసుకుపోయి బడికి రాని పిల్లలు ఉండకూడదు. 1, 2 తరగతులలో తెలుగు, ఆంగ్లం, గణితం ఉంటాయి. 3వ తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం చేరుతుంది.

పిల్లల సంఖ్య 60 లోపు ఉన్న ప్రాథమిక పాఠశాలకు చట్టం నిర్దేశించినది ఇద్దరు ఉపాధ్యాయులను. అనగా చిన్న ఊళ్లలో ఇద్దరు టీచర్లు ఐదు తరగతులను చూడవలసి వస్తుంది. ఒక తరగతికి పాఠం చెబుతున్నప్పుడు మరొక తరగతి వారు సొంతంగా వ్రాసుకొంటూ ఉంటారు. దీనిని నిర్లక్ష్యంగా భావించరాదు. 2025లో చేపట్టిన పునర్వ్యవస్థీకరణలో తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఏర్పాటయ్యాయి. అవి లేని చోట ఇంటి వద్ద వినే చెవి ఒకటి ఉండటం మరింత అవసరమవుతుంది.

మధ్యాహ్న భోజనం

బడులలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించిన దరిమిలా ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి ఈ పథకం అమలులోకి వచ్చింది. 2024 నుంచి ఇది డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజన పథకంగా కొనసాగుతున్నది. గోదావరి లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన బాటసారికి వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన ఆ మహాతల్లి 1841లో జన్మించి 1909లో కన్నుమూశారు.

జాతీయ ప్రమాణాల ప్రకారం ప్రాథమిక తరగతుల బిడ్డకు పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వినియోగించాలి. ఆ భోజనం నుంచి 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. రాష్ట్రంలో దీనికి అదనంగా కోడిగుడ్డు, వేరుసెనగ చిక్కీ, రాగి జావ చేరినవి. 2025 జూన్ నుంచి సన్నబియ్యం సరఫరా అవుతున్నది. ముద్దగా మారిన అన్నాన్ని పిల్లలు వదలివేస్తున్నారన్న మాట ఎన్నో ఏళ్లుగా వినవచ్చినదే.

వడ్డించడానికి ముందు భోజనాన్ని పెద్దలు రుచి చూడాలన్నది నిబంధన. తల్లులు వంతుల వారీగా వెళ్లి చూడవచ్చు. ఇందుకు ఎవరి అనుమతీ కోరనవసరం లేదని కొందరికి తెలియకపోవడం వల్ల గుమ్మం వద్దనే ఆగిపోతున్నారు. 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం బడి పనిచేసిన రోజున భోజనం అందకపోతే, అందుకు బదులుగా ఆహార భద్రతా భత్యాన్ని మరుసటి నెల 15వ తేదీలోగా చెల్లించాలి. ఇంటి నుంచి పంపే నీళ్ల సీసా, కంచం శుభ్రంగా ఉండేలా చూడటం మాత్రం కుటుంబం చేయవలసిన పని.

హాజరు

విద్యాసంవత్సరంలో కుటుంబం చేతిలో పూర్తిగా ఉన్న విషయం ఏదైనా ఉన్నదంటే అది హాజరే. వారానికి ఒక్క రోజు మానినా ఏడాదికి దాదాపు 40 రోజులు పోతాయి. ఐదేళ్లలో అది 200 రోజులు. అనగా 5వ తరగతి పూర్తి చేసిన బిడ్డ వాస్తవానికి నాలుగేళ్లే చదివినట్లు. ఈ నష్టం ఒక్కసారిగా కంటికి కనబడదు. సోమవారం సంత, శుక్రవారం శుభకార్యం, చెల్లెలికి జ్వరం, అమ్మకు పొలం పని అన్న రూపంలో వస్తుంది. తమ్ముడిని ఎత్తుకొని ఇంటి వద్ద ఉండిపోయేది ఎక్కువగా ఆడపిల్లే అన్నది అందరికీ తెలిసినదే. ఆరేళ్ల లోపు చిన్నారులను అంగన్‌వాడీలో విడిచిపెట్టినట్లయితే అక్క బడికి వెళ్లగలుగుతుంది.

సెలవుల తరువాత మూడు, నాలుగు రోజులు ఆగి పంపడం మరొక అలవాటు. దసరా, సంక్రాంతికి అమ్మమ్మ ఇంటికి వెళ్లిన పిల్లలు బడి తెరచిన నాటికి తిరిగి రాకపోతే, వచ్చిన నాటికి తరగతి ముందుకు సాగిపోయి ఉంటుంది. చిన్న తరగతుల గణితంలో ఒక మెట్టు తప్పితే తరువాతి మెట్టు అందదు. చేతిలో పదులు లేని బిడ్డకు తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఎంత చెప్పినా బోధపడదు.

వలస వెళ్లే కుటుంబాల సమస్య దీనికి భిన్నమైనది, బరువైనది. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతపు మండలాల నుంచి పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు తరలివెళ్లే కుటుంబాలతో పాటు పిల్లలూ వెళ్లిపోతారు. ఆ సమయంలో పిల్లలు ఊరిలోనే ఉండి చదువుకొనేందుకు సమగ్ర శిక్ష ద్వారా సీజనల్ హాస్టళ్లు నిర్వహించే ఏర్పాటు ఉన్నది. అవ్వాతాతల వద్ద విడిచి వెళ్లలేనివారు ప్రయాణానికి ముందే ప్రధానోపాధ్యాయుని కలిసి ఈ విషయం విచారించాలి. వెంట తీసుకొని వెళ్లక తప్పనప్పుడు, వెళ్లిన ఊరి బడిలో ఆ బిడ్డను చేర్చుకోవలసిన బాధ్యత అక్కడి పాఠశాలపై ఉన్నది. రెండు మూడు నెలలే కదా అని మాన్పించిన బిడ్డ తిరిగి వచ్చిన తరువాత బడికి వెళ్లడానికి మొరాయించడం, అక్కడితో చదువు ఆగిపోవడం జరుగుతున్నది.

2025లో ఆరంభమైన తల్లికి వందనం పథకం కింద ప్రతి విద్యార్థికీ మంజూరయ్యే 15,000 రూపాయలలో 13,000 రూపాయలు తల్లి ఖాతాకు జమ కాగా, 2,000 రూపాయలు పాఠశాల నిర్వహణకు కేటాయించబడ్డాయి. ఇందుకు 75 శాతం హాజరు నిబంధన ఉన్నది. అయితే 75 శాతం అన్నది సొమ్ముకు సంబంధించిన హద్దు మాత్రమే. చదువుకు అది చాలదు. 200 రోజులలో 50 రోజులు మానిన బిడ్డ కూడా ఆ హద్దు దాటినట్లే లెక్క.

పై తరగతికి వెళ్లడం, చదువు రావడం ఒకటి కాదు

ఏడాది పొడవునా నిర్మాణాత్మక మూల్యాంకనాలు, అర్ధ సంవత్సరం చివర, సంవత్సరాంతంలో సంగ్రహణాత్మక మూల్యాంకనాలు జరపడం రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకన విధానంలో స్థిరపడిన పద్ధతి. వ్రాత పరీక్ష ఒక్కటే గాక తరగతిలో పాల్గొనడం, నోటు పుస్తకాలు, ప్రాజెక్టు పనులు కూడా పరిగణనలోకి వస్తాయి. ఫలితాన్ని గ్రేడులలో తెలియజేసే ప్రగతి పత్రం ఇంటికి వస్తుంది. దానిపై తండ్రి సంతకమో, తల్లి వేలిముద్రో వేయించుకొని బిడ్డ తిరిగి తీసుకొని వెళుతుంది. చాలా ఇళ్లలో ఆ పత్రం పని అంతటితో ముగుస్తుంది.

విద్యాహక్కు చట్టం ఏ బిడ్డనూ అదే తరగతిలో నిలిపివేయరాదని తొలుత నిర్దేశించింది. 2019 నాటి సవరణ 5, 8 తరగతుల చివర పరీక్ష నిర్వహించి, ఉత్తీర్ణులు కానివారికి అదనపు బోధన అందించి 2 నెలలలోగా మరొక అవకాశం ఇవ్వాలని, ఆపైన నిలిపివేయాలా వద్దా అన్నది ఆయా ప్రభుత్వాల నిర్ణయమని పేర్కొన్నది. ఎట్టి పరిస్థితులలోనూ ఎలిమెంటరీ విద్య పూర్తి కాకుండా బడి నుంచి తొలగించరాదు. ఫెయిల్ అన్న మాటకు భయపడి బడి మానిన పిల్లలను చూసిన వారికి ఈ నిబంధన విలువ తెలుస్తుంది. అయితే దీనికి మరొక వైపు కూడా ఉన్నది. 1 నుంచి 2కు, 2 నుంచి 3కు బిడ్డ వెళుతూనే ఉంటుంది. ఆ వెళ్లడాన్ని చూసి చదువు వస్తున్నదని ఇంటివారు నమ్ముతారు. గ్రామీణ పిల్లల చదువుపై 2024లో జరిగిన అసర్ సర్వేలో దేశం మొత్తం మీద ప్రభుత్వ పాఠశాలల 3వ తరగతి పిల్లలలో 2వ తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతమే. ఆ సర్వే మొదలైన నాటి నుంచి అదే అత్యధికం కావడం గమనార్హం. మిగిలిన పిల్లల తల్లిదండ్రులలో ఎంతమందికి ఆ సంగతి తెలుసునన్నది ఆలోచించవలసిన విషయం.

2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం 2026-27 నాటికి 3వ తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, వ్రాయడం, లెక్కించడం రావాలని లక్ష్యంగా పెట్టుకొన్నది. దాని ప్రకారం 1వ తరగతి చివరికి బిడ్డ నాలుగైదు సులభ పదాలు గల చిన్న వాక్యాలను, అంతకు ముందు చూడనివి అయినా, చదవగలగాలి. అంకెలు 99 వరకు రావాలి. 2వ తరగతిలో 999 వరకు, 3వ తరగతిలో 9,999 వరకు సంఖ్యలు చదివి వ్రాయాలి. 3వ తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకొంటూ చదవాలన్నది కూడా ఆ లక్ష్యాలలో ఒకటి. మన తెలుగు మాటలు పొడవైనవి కనుక గడియారం ముందు పెట్టుకొని లెక్కించనవసరం లేదు. తడబాటు లేకుండా చదివి, చదివిన దానిని తన మాటలలో చెప్పగలిగితే సరిపోతుంది.

ఈ పరిశీలనకు తల్లిదండ్రులకు చదువు వచ్చి ఉండనవసరం లేదు. వాచకంలోని పాఠాన్ని పిల్లలు విని విని కంఠస్థం చేస్తారు. పుస్తకం పట్టుకొని గడగడ అప్పజెబుతుంటే వినేవారికి చదువుతున్నట్లే ఉంటుంది. ఆ సమయంలో పంక్తి మధ్యలో ఒక మాటపై వేలు పెట్టి అది ఏమిటని అడగాలి. కంఠస్థం చేసిన బిడ్డ మొదటి నుంచి మళ్లీ అందుకొంటుంది. చదవడం వచ్చిన బిడ్డ ఆ మాటే చెబుతుంది. పాఠం కాని వాటిని చదివించడం ఇంకా మేలు. ఇంటికి వచ్చిన శుభలేఖ, గోడ మీది క్యాలెండరు, బస్సు బోర్డు, చౌకధరల దుకాణం ముందరి పట్టిక, ఏదైనా సరే. గుణింతాల వద్ద ఆగుతున్నదా, ఒత్తులు వదలివేస్తున్నదా అన్నది చెవికే తెలుస్తుంది. దుకాణంలో 50 రూపాయలు ఇచ్చి 32 రూపాయల సరుకు తెచ్చిన బిడ్డను ఎంత తిరిగి రావాలో ముందే చెప్పమంటే తీసివేత సంగతి తేలిపోతుంది.

2వ తరగతి సగం గడిచినా చిన్న మాటలు చదవలేకపోతున్న బిడ్డ విషయంలో ఆగడం మంచిది కాదు. ఆ స్థాయిలో వెనుకబడిన బిడ్డకు కొద్ది నెలల ప్రత్యేక శ్రద్ధతో అందుకొనే అవకాశం ఉంటుంది. 5వ తరగతికి చేరిన తరువాత సామాజిక పాఠాలు, భిన్నాల లెక్కలు ముందుంటే అక్షరాల వద్దకు తిరిగి వెళ్లే తీరిక బడికీ ఉండదు, బిడ్డకూ ఉండదు. కంటి చూపు గాని, వినికిడి గాని మందగించినందువల్ల వెనుకబడిన పిల్లలూ ఉంటారు. బోర్డు మీది అక్షరాలు కనబడక పక్క బిడ్డ పుస్తకం చూసి వ్రాసుకొనే బిడ్డకు కళ్లజోడు ఒక్కటే కావలసి ఉండవచ్చు.

ఇంటి పని సంగతి. 2020 నాటి జాతీయ పాఠశాల సంచి విధానం 2వ తరగతి వరకు ఇంటి పని వద్దని, 3 నుంచి 5 తరగతులకు వారానికి 2 గంటలకు మించరాదని, సంచి బరువు బిడ్డ బరువులో 10 శాతం దాటరాదని సూచించింది. పుటల కొద్దీ వ్రాయించడమే మంచి బడికి గుర్తు అని భావించే తల్లిదండ్రులు ఈ విషయం గమనించాలి.

టీచరును కలవడం

2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జూలై 10న రాష్ట్రమంతటా ఒకే రోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి. అట్టి సమావేశాల నాడు జనం ఎక్కువ, సమయం తక్కువ. బిడ్డ గురించి వివరంగా మాట్లాడాలంటే మామూలు రోజున, బడి విడిచే వేళ వెళ్లడం మేలు. మా వాడు ఎలా చదువుతున్నాడు సార్ అని అడిగితే పరవాలేదమ్మా అన్న సమాధానమే వస్తుంది. దాని వల్ల ఎవరికీ లాభం లేదు. వాడు చదవని పాఠం ఒకటి చదివించి వినిపించండి అని కోరడం, నోటు పుస్తకంలో దిద్దిన తప్పులు చూపించమనడం, ఇంటి వద్ద ఏమి చేయించాలో అడగడం వల్ల ఇద్దరికీ విషయం తెలుస్తుంది. టీచరును ఇలా అడగడం ధిక్కారం కాదు. చాలామంది ఉపాధ్యాయులు ఇట్లు అడిగే తల్లి కోసం ఎదురుచూస్తున్నారంటే అతిశయోక్తి కాదు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదని, వారు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని కూడా చట్టం నిర్దేశిస్తున్నది.

పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది సభ్యులు తల్లిదండ్రులే కావాలి. మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకొంటారు. 2024 ఆగస్టు 8న ఈ ఎన్నికలు జరిగాయి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రూపకల్పన, నిధుల వినియోగంపై పర్యవేక్షణ ఈ కమిటీ పని. మరుగుదొడ్డికి నీరు లేకపోవడం, ప్రహరీ కూలిపోవడం వంటి విషయాలు ముందుగా ఇక్కడే ప్రస్తావనకు రావాలి.

బిడ్డను కొట్టడం గాని, మానసికంగా వేధించడం గాని చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. నాలుగు తగిలిస్తే గాని చదువు రాదని తండ్రి స్వయంగా టీచరుకు చెప్పి వచ్చినా ఆ నిషేధం తొలగిపోదు. కులం పేరుతో గాని, చదువులో వెనుకబడినందుకు గాని అవమానించినట్లు తెలిస్తే ప్రధానోపాధ్యాయునికి, ఆపై మండల విద్యాశాఖాధికారికి తెలియపరచవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు పనిచేస్తున్నది.

ఆరోగ్యం, ప్రత్యేక అవసరాలు

జాతీయ నులిపురుగుల నివారణ దినాలైన ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఆనాడు బడికి రాని వారికి కొద్ది రోజుల తరువాత మరొక విడతలో అందిస్తారు. 5 నుంచి 9 ఏళ్ల పిల్లలకు వారానికి ఒకసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర రక్తహీనత నివారణకు ఉద్దేశించినది. భోజనం తరువాతనే వేసుకోవాలి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడికి వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వారు పై ఆసుపత్రికి చూపించమని వ్రాసి ఇచ్చిన కాగితాన్ని సంచిలోనే ఉంచి మరచిపోవడం తరచు జరుగుతున్నందున, వైద్య బృందం వచ్చిన నాటి సాయంత్రం సంచి వెదకడం మంచిది. 5 నుంచి 6 ఏళ్ల మధ్య వేయించవలసిన డీపీటీ రెండవ బూస్టరు, 10 ఏళ్లకు వేయించవలసిన టీడీ టీకా ఈ బడి ఏళ్లలోనే వస్తాయి.

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఫిజియోథెరపీ, ఉపకరణాలు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల సేవలు అక్కడ లభిస్తాయి. తీవ్ర వైకల్యం గల బిడ్డకు 2012 సవరణ ప్రకారం ఇంటి వద్దనే విద్య పొందే అవకాశం ఉన్నది. అయితే నడవగలిగిన బిడ్డను, వినగలిగిన బిడ్డను నలుగురిలో ఎందుకని ఇంట్లోనే ఉంచివేయడం ఆ సవరణ ఉద్దేశం కాదు.

ఒంటిపూట బడుల నుంచి వేసవి వరకు

మార్చి మధ్యలో ఎండలు ముదరడంతో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఉదయం 7.45 గంటలకు ఆరంభమై మధ్యాహ్నం 12.30 వరకు సాగుతాయి. భోజనం పెట్టిన తరువాతనే పిల్లలను ఇంటికి పంపుతారు. ఉదయమే లేవాలి గనుక ఈ రోజులలో ఖాళీ కడుపుతో బయలుదేరే పిల్లలు ఎక్కువ. చద్ది అన్నమో, ఒక గ్లాసు జావో తాగించి పంపడం అవసరం. పొలం పనులకు వెళ్లే తల్లిదండ్రులు మధ్యాహ్నం ఇంటికి వచ్చిన బిడ్డ చెరువులు, కాలువల వైపు వెళ్లకుండా ఎవరికైనా అప్పగించి ఉంచాలి.

ఏప్రిల్‌లో సంవత్సరాంత మూల్యాంకనం జరిగి ప్రగతి పత్రాలు అందుతాయి. 5వ తరగతి పూర్తి చేసిన పిల్లల కుటుంబాలకు ఈ నెలలో ఒక పని అదనంగా ఉంటుంది. 6వ తరగతి ఉన్న పాఠశాల తరచుగా మరొక ఊరిలో ఉంటుంది. నియమాల ప్రకారం అది 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. దారి దూరమన్న కారణంతో ఆడపిల్లలు 5వ తరగతితో ఆగిపోయే ప్రమాదం ఉన్నది ఇక్కడే. ఏ బడిలో చేర్చాలి, ఎవరితో కలిసి వెళుతుంది, హాస్టలు లేదా గురుకులంలో సీటు ఉన్నదా అన్న విషయాలు వేసవికి ముందే విచారించుకొని, ఏప్రిల్ 23లోగా బదిలీ ధ్రువపత్రం తీసుకోవాలి. కోరిన వెంటనే దానిని ఇవ్వవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయునిపై ఉన్నది. ఆ పత్రంలోని పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అడ్మిషన్ రిజిస్టరుతో సరిపోయినవా అని అక్కడే సరిచూసుకొని తీసుకోవలసి ఉంటుంది.